కేటలాగ్ కంప్రెషన్ కన్నా ఇంకో డిస్క్ నయం

నెట్‌బ్యాకప్ అనే బ్యాకప్ సాఫ్ట్‌వేర్‌ని నడిపించే మాస్టర్ సర్వర్‌లో కేటలాగ్ (ఏ ఫైల్ ఏ బ్యాకప్‌లో ఉందో రాసుకునే చిట్టా) డిస్క్ నిండిపోతోంది, కంప్రెషన్ ఆన్ చేయమంటారా అని అడిగారు. నా మాట వింటే వద్దు. ఇంకో డిస్క్ వేయించుకోండి.

జాగా మిగలదని కాదు, బాగానే మిగులుతుంది. కేటలాగ్‌లో ఉండేది చాలావరకు ఫైళ్ల పేర్లు, పాత్‌లే, ఒకే ఫోల్డర్ పేరు వేలసార్లు వస్తుంది కాబట్టి ఇట్టే కుదించుకుపోతుంది. తంటా అంతా రిస్టోర్ దగ్గరే, అంటే బ్యాకప్ నుంచి ఫైల్ వెనక్కి తెచ్చేటప్పుడే. యూనిక్స్, లినక్స్ మాస్టర్ అయితే కంప్రెస్ అయిన ఇమేజ్‌ను (ఒక్కో బ్యాకప్‌కి కేటలాగ్‌లో ఉండే రికార్డు) బ్రౌజ్ చేయాలంటే ముందు అది విప్పుకోవాలి, దానికి సీపీయూ, టైమ్‌తో పాటు ఖాళీ జాగా కూడా కావాలి.

రాయదుర్గంలో నేను చేసిన ఒక ఆఫీసులో నెల దాటినవన్నీ కంప్రెస్ అయ్యేట్టు పెట్టారు. మార్చి నెలాఖరు రాత్రి అకౌంట్స్ వాళ్లకు దసరా ముందటి ఎక్సెల్ ఫైల్ ఒకటి కావాల్సొచ్చింది, పొద్దున్నే ఆడిటర్లు వస్తారు. వాళ్లకు తేదీ గుర్తులేక రెండు నెలల రేంజ్ ఇచ్చి బ్రౌజ్ నొక్కితే స్క్రీన్ అలాగే ఉండిపోయింది. పక్క విండోలో డిస్క్ చూస్తుంటే 94 శాతం, 96, 98. రేంజ్‌లో పడ్డ ఇమేజ్‌లన్నీ విప్పుకుంటున్నాయి, ఆ రాత్రి బ్యాకప్ జాబ్‌లు కూడా అదే డిస్క్ మీద రాస్తున్నాయి. అకౌంట్స్ కుర్రాడు నా కుర్చీ వెనకే నిలబడి "ఇంకెంతసేపన్నా" అంటూనే ఉన్నాడు, అతని టెన్షన్ అతనిది. జాబ్‌లు ఆపి, రేంజ్ తగ్గించి ఫైల్ ఇచ్చేసరికి తెల్లారింది. టేప్ మీంచి ఫైల్ రావడానికి పట్టింది మాత్రం కొన్ని నిమిషాలే!

లక్షలు పోసి టేప్ లైబ్రరీ కొంటారు, కేటలాగ్‌కి ఒక ఎస్‌ఎస్‌డీ అంటే అప్రూవల్‌కి నెలలు తిప్పుతారు. బ్యాకప్ సక్సెస్ రిపోర్ట్ రోజూ మెయిల్‌లో పోతుంది గానీ, రిస్టోర్ చేసి చూశారా అని అడిగిన మేనేజర్‌ని నేనింతవరకు చూడలేదు.

తప్పదంటే, మీ దగ్గర రిస్టోర్ రిక్వెస్టులు ఎంత పాతవాటికి వస్తాయో చూసి, అది దాటినవాటినే కంప్రెస్ చేయండి. పెద్ద ఇమేజ్‌లు విప్పినా సరిపడేంత ఖాళీ ఎప్పుడూ ఉంచండి. విండోస్ మాస్టర్ అయితే విండోస్ ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉండే కంప్రెషనే వాడుతుంది, క్లస్టర్ (డిస్క్‌ని విడగొట్టే ముక్క) సైజు 4 కేబీ దాటితే అది పనిచేయదు, ఫార్మాట్ చేసేటప్పుడే చూసుకోవాలి. అన్నిటికన్నా ముందు రిటెన్షన్ (బ్యాకప్‌లు ఎన్నాళ్లు ఉంచాలనే సెట్టింగ్) చూడండి, టెస్ట్ సర్వర్లకు కూడా ఏడేళ్లు పెట్టేసి ఉంటే డిస్క్‌ని తినేస్తున్నది అదే.