సబ్‌మెరైన్ ఎందుకు మసకైంది?

ప్రశ్న: నా ఏపీఎస్-సీ (ఫుల్‌ఫ్రేమ్ కంటే చిన్న సెన్సర్ ఉండే) కెమెరాకి మా తమ్ముడు 50 ఎంఎం, ఎఫ్ 1.8 లెన్స్ కొనిచ్చాడు. ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ ముందు పిల్లలిద్దర్నీ రెండు మీటర్ల దూరం నుంచి తీశాను. ముందు కూర్చున్న పాప కళ్లు బ్రహ్మాండంగా వచ్చాయి. వెనక నిలబడ్డ బాబు మొహం మసక. సబ్‌మెరైన్ అయితే ఏదో నల్లటి మరక. లెన్స్ పాడైందంటారా? పాత 18-55 కిట్ లెన్స్ కూడా ఉంది.
- ఒక పాఠకురాలు, ఎంవీపీ కాలనీ

జవాబు: లెన్స్ నిక్షేపంలా ఉందమ్మా. కొత్త మోజులో ఎఫ్ 1.8 దగ్గరే, అంటే లెన్స్ రంధ్రం (అపర్చర్) పూర్తిగా తెరిచి ఉంచి తీసుంటారు. ఎఫ్ పక్కన అంకె పెరిగే కొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. మీరు చెప్పిన దూరంలో అప్పుడు స్పష్టంగా వచ్చే లోతు, అంటే డెప్త్ ఆఫ్ ఫీల్డ్, సుమారు 11 సెంటీమీటర్లే. ఆ అరజానెడులో పాప పట్టింది, బాబు పట్టలేదు. ఎఫ్ 8 పెడితే అదే లోతు అరమీటరు దాకా పెరుగుతుంది.

అందరూ అపర్చర్ దగ్గరే ఆగిపోతారు. నేనైతే ముందు కాళ్లకు పని చెప్పమంటాను. అదే ఎఫ్ 1.8తో నాలుగు మీటర్లకు జరిగితే లోతు దాదాపు నాలుగింతలవుతుంది. పిల్లల్ని పక్కపక్కనే నిలబెడితే ఆ బాధ కూడా లేదు.

సబ్‌మెరైన్ కూడా కావాలంటే 50 ఎంఎం పక్కన పెట్టండి. 91 మీటర్ల పొడవున్నది అందులో ఎలాగూ ఇమడదు. కిట్ లెన్స్‌ని 18 ఎంఎం దగ్గర, ఎఫ్ 8లో పెట్టి, పిల్లల్ని రెండుంపావు మీటర్ల దూరంలో నిలబెట్టి వాళ్ల మీదే ఫోకస్ చేయండి. మీటరు పైచిలుకు దూరం నుంచి సముద్రం అంచు దాకా అన్నీ తేటగా వస్తాయి. ఇంకా బాగుంటుందని ఎఫ్ 22కి మాత్రం పోకండి, ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది.

ఒక చిక్కుంది. ఎఫ్ 1.8తో పోలిస్తే ఎఫ్ 8లో వెలుతురు ఇరవయ్యో వంతే లోపలికి వస్తుంది. చీకటి పడ్డాక ఇది కుదరదు. పొద్దున వెళ్తే సూర్యుడు సముద్రం వైపు ఉంటాడు, రోడ్డు వైపు నుంచి తీస్తే మొహాలు నల్లగా వస్తాయి. సాయంత్రం నాలుగింటికి ఎండ ఊరివైపు నుంచి పడుతుంది, అప్పుడు వెళ్లండి. పిల్లలు కుదురుగా నిలబడరు కాబట్టి షట్టర్ వేగం 1/250 సెకను కంటే తగ్గనివ్వకుండా, అవసరమైతే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచుకోండి.

అన్నట్టు, ఫొటో అంతటా ఒకేలా పొగమంచు పట్టినట్టుంటే అది డెప్త్ గొడవ కాదు, లెన్స్ మీద పేరుకున్న ఉప్పు తేమ. ముందు బ్లోయర్‌తో ఇసుక ఊదేసి, ఆ తర్వాతే మెత్తటి గుడ్డతో తుడవండి. చీర కొంగుతో మాత్రం వద్దు.