ఆసు, ఎనిమిది

చిరంజీవికి,

నీ పోకర్ కథ అందింది. పంజింలో పడవ మీది క్యాసినో, తెల్లవారుజామున మాండవి నది మీంచి వచ్చే ఉప్పుగాలి బాగున్నాయి. పన్నెండో పేజీ దగ్గర మాత్రం కాగితాలు బల్లమీద విసిరికొట్టాను.

రెండు టేబుళ్లలో కలిపి పదిమంది మిగిలారు, తొమ్మిదిమందికే ప్రైజు. ముక్కలు చూడకముందే ఇద్దరు కట్టి తీరాల్సిన పందేలు, అంటే బ్లైండ్లు: స్మాల్ బ్లైండ్ 5,000, బిగ్ బ్లైండ్ 10,000. టేబుల్ మొత్తం తరఫున కట్టే యాంటీ ఇంకో 10,000, అదీ బిగ్ బ్లైండ్‌లో ఉన్నవాడే కట్టాలి. నీ హీరో 2,20,000 చిప్స్‌తో స్మాల్ బ్లైండ్‌లో ఉన్నాడు. ముందున్న అందరూ ముక్కలు పడేసి ఫోల్డ్ అయ్యారు. ఇతని చేతిలో ఆసు, ఎనిమిది. పక్కన బిగ్ బ్లైండ్‌లో ఆరు లక్షలవాడు. ‘గుండె దడదడలాడింది, నరాలు తెగేంత టెన్షన్’ అని రాసి, ఉన్న చిప్స్ అన్నీ ఒడ్డించి ఆల్-ఇన్ కొట్టించావు. వాడు రాజు, జాకీతో కాల్ చేసి అంతే పందెం కట్టాడు, ఆసు నిలబడింది, హాలంతా చప్పట్లు.

తొమ్మిదో పేజీలో నువ్వే రాసిన వాక్యం ఏమైంది? అవతలి టేబుల్లో ఒకడికి 20,000 మిగిలాయన్నావు. తర్వాతి హ్యాండ్‌లో బిగ్ బ్లైండ్ వాడిదేనన్నావు. బ్లైండూ యాంటీ కలిపితే సరిగ్గా 20,000. ముక్కలు చూడకముందే వాడి చిప్స్ మొత్తం మధ్యలోకి పోతాయి! ఒక్క హ్యాండ్ ఆగితే నీ హీరోకి ప్రైజు దక్కే అవకాశం బాగా పెరుగుతుంది. అలాంటప్పుడు మధ్యలో ఉన్న 25,000 కోసం, ముందే కట్టిన 5,000 పోను మిగిలిన 2,15,000 ఒడ్డాడంటే వాడికి ఏదో అయ్యుండాలి. ఏమైందో నువ్వు రాయలేదు.

ఇంకో 5,000 మాత్రం కలిపి, పందెం పెంచకుండా ఆటలో ఉండొచ్చు, దాన్నే లింప్ అంటారు. ఆరు లక్షలవాడు రైజ్ చేసి పందెం పెంచితే వదిలేయొచ్చు, పోయేది మొత్తం 10,000. వాడు పెంచకుండా చెక్ చేస్తే ఇంకో చిక్కు, ఫ్లాప్ (బల్లమీద పరిచే మొదటి మూడు ముక్కలు) తర్వాత ప్రతిసారీ ముందు నోరు విప్పాల్సింది స్మాల్ బ్లైండే. ఇతను భయపడుతున్నాడని ఆరు లక్షలవాడికి తెలుసు. వాడికి తెలుసని ఇతనికీ తెలుసు. కథంతా అక్కడుంటే నువ్వు దడదడ అని ఒక్క మాటతో దాటేశావు.

లెక్క రాయి నాయనా. పేకాట కథలో లెక్కే మనసు. గెలిస్తే చిప్స్ రెట్టింపవుతాయి గానీ ప్రైజులో వాటా రెట్టింపు కాదు. ఓడితే మాత్రం మొత్తం పోతుంది. చిప్స్‌ని ప్రైజులో వాటాగా కట్టే ఈ లెక్కనే ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. దాని వెనకున్న సూత్రం గుర్రప్పందేలది, 1973లో హార్విల్ అనే ఆయన రాశాడు. ఆ పేర్లు కథలో పెట్టక్కర్లేదు, ఆ బరువు పెట్టు.

ఇదంతా నాకెలా తెలుసంటావా? అదే ఊళ్లో, ఇలాంటి చోటే, ఇదే ఆసు ఎనిమిదితో ఆల్-ఇన్ కొట్టాను. పక్కవాడు తొమ్మిదుల జత తెరిచాడు. నేను చొక్కా సర్దుకుని లేచి గుమ్మం దాటేలోపే అవతలి టేబుల్లో రెండు చిప్స్‌వాడు అవుటయ్యాడని అరుపులు. నాకంటే ఒక్క నిమిషం తర్వాత! బస్సెక్కి హైదరాబాద్ చేరేదాకా ఆ అరుపే చెవిలో. వచ్చి కథ రాశాను, ప్రతి చిప్ లెక్కతో సహా. ఒక వారపత్రిక ఎడిటర్‌గారు ‘పాఠకులకు లెక్కలెందుకండీ, ఫీలింగ్ కావాలి’ అని అంకెలన్నీ కొట్టేసి, చివర హీరోని గెలిపించి మరీ వేశారు. పారితోషికం ఇప్పటిదాకా రాలేదు. ఆ కథ ఎవరైనా మెచ్చుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇంకోటి. హీరో 2019లో దిల్‌సుఖ్‌నగర్ రూంలో ఫోన్‌లో డబ్బు పెట్టి ఆడి నేర్చుకున్నాడన్నావు. తెలంగాణలో ఆన్‌లైన్‌లో డబ్బాట 2017లోనే నిషేధించారు. దొంగచాటుగా ఆడాడంటే ఆ దొంగచాటు చూపించు.

కలం పేరు సంగతి, నవలగా పెంచాలా అన్న సంగతి తర్వాత చూద్దాం. ముందు పన్నెండో పేజీ తిరగరాసి పంపు. అన్నట్టు, ఆరు లక్షలవాడు పదో పేజీలో చూయింగ్ గమ్ నములుతున్నాడు, పన్నెండో పేజీకి కిళ్లీ అయింది. ఏదో ఒకటి ఉంచు.