మొదటి పది నిమిషాల నీళ్లు: పట్టణ పాలనపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా వీధికి రెండు రోజులకోసారి గంటసేపు నీళ్లు వదుల్తారు. మొదటి పది నిమిషాలు మురుగు వాసన, నల్లటి నలకలు. ఆ తర్వాత తేటగానే వస్తాండాయి. వాటర్‌మ్యాన్‌ను అడిగితే “లైన్ బాగానే ఉందమ్మా, మీ సంపు కడుక్కోండి” అంటాడు. ఎవరికి చెప్పుకోవాలి?
– గృహిణి, కడప జిల్లా

జవాబు: సంపులోకి పోకముందే, కొళాయి దగ్గరే వాసన వస్తుంటే సంపు కడిగి లాభం లేదు. నీళ్లు ఎప్పుడూ నిండుగా పారే గొట్టానికి చిల్లు పడితే లోపలి నీళ్లే బయటికి చిమ్ముతాయి తప్ప బయటి మురుగు లోపలికి రాలేదు. మీ వీధిలో గంటసేపు నీళ్లొస్తే, మిగతా 47 గంటలు గొట్టం ఖాళీగా పడి ఉంటుంది. ఆ చిల్లు సైడు కాలువలో మునిగి ఉంటే మురుగు మెల్లగా గొట్టంలోకి ఇంకుతుంది. వాల్వ్ తిప్పగానే ముందుగా మీ బిందెలోకి వచ్చేది అదే.

తేటపడ్డాక పట్టుకున్నవి మంచినీళ్లేనన్న నమ్మకం కూడా పెట్టుకోవద్దు. వీధిలో ఒక్కరు మోటారును నేరుగా లైనుకు బిగించి గుంజినా చాలు, నీళ్లు వస్తున్న సమయంలోనే గొట్టంలో ఒత్తిడి పడిపోయి, ఆ చిల్లులోంచి మురుగు లోపలికి లాగబడుతుంది. మోటారు ఎవరింట్లో ఉందో వీధిలో అందరికీ తెలుసు, ముఖం మీద అనడానికే ఎవరికీ నోరు రాదు. సంపు నేలమట్టానికి కిందుగా ఉంటే నీళ్లు వాటంతట అవే పడతాయి. మోటారు ఉండాల్సింది సంపు నుంచి మేడ మీది ట్యాంకుకే.

ఫిర్యాదు రాసే ముందు ఒక పని చేయండి. ఈసారి నీళ్లు వదిలినప్పుడు వరుసగా నాలుగైదు ఇళ్లలో మొదటి నీళ్లను రంగులేని సీసాల్లో పట్టి, పక్కపక్కన పెట్టి చూడండి. మీ ఒక్క సీసాలోనే మురుగుంటే తప్పు మీ ఇంటి గొట్టంలో ఉంది. వరుసంతా అలాగే ఉంటే పెద్ద లైనులో ఉంది. రంగు ఎర్రగా, గోధుమగా ఉండి వాసన లేకుంటే అది తుప్పో, లైను అడుగున పేరుకున్న ఒండ్రో. లైను చివర ఉన్న వాష్‌అవుట్ వాల్వ్ తెరిచి కాసేపు వదిలితే పోతుంది. సీసాలో నీళ్లు పాలలా తెల్లగా కనిపించి, అడుగు నుంచి పైకి తేటపడుతుంటే అది గాలి మాత్రమే.

ఇంటి గొట్టంలో తప్పు ఎక్కువగా కనబడే చోటు, అది కాలువను దాటే చోటు. పెద్ద లైను నుంచి ఫెరూల్ (లైనుకు బిగించే చిన్న జాయింటు) పెట్టి ఇచ్చిన అరంగుళం కనెక్షన్ కాలువ గోడలోంచి దూరి వస్తుంది. పాత ఇనుప గొట్టమైతే, ఒకసారి తడిసి ఒకసారి ఆరే ఆ గోడ దగ్గరే తుప్పు పట్టి పొడిపొడిగా రాలుతుంది. సైకిల్ ట్యూబు చుట్టి ఎంసీల్ పూస్తే రెండు నెలలు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది. ఫెరూల్ నుంచి గేటు దాకా గొట్టమే మార్చాలి. నల్ల పాలిథీన్ పైపు ఒకటే ముక్కగా, కాలువలో ఎక్కడా జాయింటు రాకుండా, మురుగు పారే మట్టానికి పైగా, ఇంకో పెద్ద పైపులో దూర్చి దాటించండి. ఇంటి కనెక్షన్ ఖర్చు సాధారణంగా ఇంటివారిదే. పెద్ద లైను మాత్రం మున్సిపాలిటీదే. రోడ్డు తవ్వాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి.

ఫిర్యాదు మీ వార్డు సచివాలయంలో నీళ్ల పని చూసే ఎమినిటీస్ సెక్రటరీకి ఇవ్వండి. “నీళ్లు బాగాలేవు” అని రాస్తే వాటర్‌మ్యాన్ ఒకసారి వచ్చి చూసి పోతాడు, అంతటితో కాగితం మూతపడుతుంది. ఇంటి పన్ను అసెస్‌మెంట్ నంబరు, కొళాయి కనెక్షన్ నంబరు, నీళ్లు వదిలిన తేదీ, గంట, మురుగు ఎన్ని నిమిషాలు వచ్చింది, ఎన్ని ఇళ్లలో వచ్చింది, ఇవి రాయండి. కింద ఒక్క వాక్యం చేర్చండి: “మా వీధి చివరి కొళాయిలో క్లోరిన్ పరీక్ష చేసి ఫలితం రాతపూర్వకంగా ఇవ్వగలరు.” వీధి చివరి కొళాయిలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. గాజుగొట్టంలో రెండు చుక్కల మందు వేస్తే పసుపు రంగు తిరిగే పరీక్ష, రెండు నిమిషాల పని. ట్యాంకు దగ్గర క్లోరిన్ ఉండి, మీ దగ్గర లేకుంటే దారిలో మురుగు దాన్ని తినేసి ఉండొచ్చన్న మాట. అప్పుడిక “మీ సంపు కడుక్కోండి” అనడానికి వీలుండదు. రసీదు నంబరు తీసుకోండి. వారంలో కదలిక లేకుంటే అదే నంబరుతో మున్సిపల్ ఇంజినీరింగ్ విభాగంలోని ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీరుకు), ఆ పైన సోమవారం కలెక్టరేట్ ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి.

గొట్టం బాగయ్యేదాకా తాగే నీళ్లు తెర్లే దాకా కాచండి. సంపుకు బ్లీచింగ్ వేయాలంటే వెయ్యి లీటర్లకు 4 గ్రాముల తాజా పొడి చాలు. చెంబు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కు దిగాక పైతేట మాత్రమే పోయాలి. కనీసం అరగంట, గంటైతే మరీ మేలు, ఆగాకే వాడాలి. మూట విప్పి నెలల తరబడి పెట్టిన పొడికి సత్తువ ఉండదు. నీళ్లు మడ్డిగా ఉంటే బ్లీచింగ్ పనిచేయదు, ముందు పటికతో తేటపరచాలి. పటిక మడ్డిని దించుతుందే గాని క్రిములను చంపదు.

అనంతపురం వైపు పాఠకులకు ఒక మాట. కొళాయి నీళ్లకు భయపడి బోరునీళ్లకు మళ్లేవారు ఫ్లోరైడ్ పరీక్ష చేయించుకోండి. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మేలు, వేరే దారి లేకపోతే 1.5 దాకా. కాస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ప్రశ్న: నాన్న పోయి ఆరేళ్లయింది. ఇంటి పన్ను ఆయన పేరు మీదే కడుతున్నాం. నా పేరుకు మార్చమంటే అక్క సంతకం తెమ్మంటున్నారు. ఆమెకు పెళ్లయి ఇరవై ఏళ్లు. ఆమె సంతకం దేనికి?
– కర్నూలు జిల్లా పాఠకుడు

జవాబు: పెళ్లయినంత మాత్రాన ఆమె మీ నాన్నకు కూతురు కాకుండా పోలేదు కాబట్టి. వీలునామా లేకుండా ఆయన పోయి, మీకు 1956 నాటి హిందూ వారసత్వ చట్టం వర్తిస్తే, ఆయన సొంత సంపాదన ఆస్తిలో అమ్మకు, మీకు, అక్కకు సమాన వాటాలు. పిత్రార్జితంలో కూడా కూతుళ్లకు కొడుకులతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఉందని 2005 సవరణ చెబుతోంది.

తేలికైన దారి అందరి పేర్లూ పన్ను రికార్డులోకి ఎక్కించడం. దానికి మరణ ధ్రువపత్రం, తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, నాన్న పేరు మీది దస్తావేజు నకలు, బాకీ లేకుండా కట్టిన చివరి పన్ను రసీదు, అందరి ఆధార్ కాపీలు దగ్గర పెట్టుకోండి. ఒక్క మీ పేరే కావాలంటే అక్క, అమ్మ తమ హక్కు వదులుకుంటున్నట్టు సబ్‌రిజిస్ట్రార్ దగ్గర దస్తావేజు రిజిస్టరు చేయాలి. తెల్లకాగితం మీద “నాకు అభ్యంతరం లేదు” అని రాయించుకుంటే పన్ను పుస్తకంలో పేరు మారవచ్చు గాని, హక్కు మారదు. పన్ను రసీదులో పేరుంటే ఇల్లు తనదైపోయిందని మన ఊళ్లలో ఒక మొండి నమ్మకం. పన్ను ఎవరు కడుతున్నారో అది చెబుతుంది, అంతే. బ్యాంకులో అప్పుకు పోయిన రోజున ఈ తేడా బయటపడుతుంది.

పేరు మార్పుకు వచ్చినవాళ్లు ఇల్లు కొలవచ్చు. నాన్న తర్వాత మేడ మీద గది వేసి ఉంటే అదీ లెక్కలోకి వస్తుంది. 2021 నుంచి పన్ను అద్దె విలువ మీద కాక ఆస్తి మూల విలువ మీద వేస్తున్నారు కనుక చదరపు అడుగులు సరిగ్గా రాశారో లేదో నోటీసులో చూసుకోండి. పన్ను అర్ధసంవత్సరాల లెక్కన పడుతుంది, ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం రాయితీ. బాకీ పడితే నెలకు 2 శాతం వడ్డీ. కొళాయి, కరెంటు మీటరు పేర్లు వేర్వేరుగా మార్చుకోవాలి. పన్ను పుస్తకంలో మారితే అవి వాటంతట మారవు.

ప్రశ్న: మా వీధికి సైడు కాలువ మంజూరైందని ఏడాదిగా చెబుతున్నారు. నిజమో కాదో ఎలా తెలుసుకోవాలి?
– అనంతపురం జిల్లా పాఠకుడు

జవాబు: “మంజూరైంది” అనే మాటకు ఐదారు అర్థాలు ఉన్నాయి. ఏఈ అంచనా వేసినా మంజూరే అంటారు, కౌన్సిల్ తీర్మానం చేసినా అంటారు. ఆ తర్వాత సాంకేతిక మంజూరు, టెండరు, గుత్తేదారుతో ఒప్పందం, పని, ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకంలో) కొలతలు, చివరికి బిల్లు. పాలకవర్గం లేని కాలంలో కౌన్సిల్ చేయాల్సిన తీర్మానం ప్రత్యేకాధికారి చేస్తారు. మీ కాలువ ఏ మెట్టు మీద ఆగిందో అడగండి.

నోటిమాటతో తేలకుంటే మున్సిపాలిటీలోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, తెల్లకార్డు నకలు జతచేస్తే అదీ లేదు. “ఎందుకు చేయలేదు” అని అడగవద్దు, ఆ చట్టం కాగితాలిస్తుంది గాని సంజాయిషీ ఇవ్వదు. వీధి పేరుతో పని అంచనా, తీర్మానం నంబరు, తేదీ, ఒప్పందం నకలు, ఎం-బుక్ పేజీలు అడగండి. పేజీకి 2 రూపాయలు. జవాబు 30 రోజుల్లో రావాలి. రాకుంటే 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని పై అధికారికి మొదటి అప్పీలు, అదీ తేలకుంటే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండోది.

పని మొదలైన రోజు ఒక్కటి చూడండి. కాలువను నీళ్లు పోయి కలిసే దిగువ చివర నుంచి పైకి కట్టుకుంటూ రావాలి. పై నుంచి మొదలుపెట్టి మధ్యలో నిధులైపోయాయంటే మీ ఇంటి ముందు తొట్టి తయారైందన్న మాట. మన ఎండల్లో కాంక్రీటుకు కనీసం పది రోజులు తడి గోనెలు కప్పి నీళ్లు పట్టాలి. ఇక ఇంటింటికీ కాలువ మీద పోసుకున్న ర్యాంపులు ఉన్నాయే, వాటిని తీయడానికి ఒప్పుకోని వీధిలో ఎంత మంచి కాలువ కట్టినా పూడిక తీసేవాడి పార దూరదు.

ప్రశ్న: పీర్ల చావిడి ముందర గుండం ఉన్న చోట సిమెంటు రోడ్డు వేస్తామంటున్నారు. మొహర్రం పండగకు తవ్వుకోవచ్చు కదా అని కొందరు, రోడ్డు మీదే నిప్పులు పోద్దామని కొందరు. ఏది మేలు?
– కర్నూలు జిల్లా పాఠకుడు

జవాబు: రోడ్డు మీద నిప్పులు పోయనే వద్దు. కాంక్రీటులో ఎప్పుడూ కొంత తడి ఉంటుంది. అది ఆవిరై దారి దొరక్క పెచ్చులుగా పేలుతుంది. గుండం తొక్కేవాళ్లవి ఉత్తి కాళ్లు. బేతంచెర్ల బండ పరిచినా వేడికి పగులుతుంది.

ప్రతి ఏడాది తవ్వడం కూడా తెలివైన పని కాదు. గడ్డపారతో కొడితే బీట గుండం అంచున ఆగదు, రోడ్డంతా పాకుతుంది. కింద కొళాయి గొట్టం ఉంటే మొదటి ప్రశ్నలోని కథ మొదలు. రోడ్డు వేయకముందే చావిడి పెద్దలు, వీధివాళ్లు కలిసి ఏఈకి రాసివ్వండి: గుండం కొలతకు నాలుగు వైపులా మూడడుగులు కలుపుకొని అంతమేర కాంక్రీటు వేయకుండా వదలాలని. ఆ చుట్టూ గట్టి అంచు కట్టించి, లోపల ఇసుక మీద పేవర్ ఇటుకలు సిమెంటు లేకుండా పరిపిస్తే ఏడాదంతా బండ్లు పోవచ్చు. పండగకు ఇటుకలు తీసి పక్కన పేర్చుకుంటారు. పండగయ్యాక బూడిదంతా ఎత్తిపోయండి. బూడిద మీద మట్టి ఎంత దిమ్మిస చేసినా వానకు కుంగుతుంది. మొరుసు అరడుగు చొప్పున వేసి, తడిపి, దిమ్మిస చేసి, ఆపైన ఇసుక, ఇటుకలు.

మొహర్రం ఏటా పది పదకొండు రోజులు ముందుగా వస్తుంది. టెండరు గడువుతో పోల్చి చూసుకొని రాసివ్వండి. దీపాలకు కరెంటు తీగకు కొండీలు వేయకుండా విద్యుత్ కార్యాలయంలో తాత్కాలిక కనెక్షన్ తీసుకోండి. తీగలు తెగినా, నిప్పురవ్వలు వచ్చినా 1912కు ఫోన్ చేయాలి.

ప్రశ్న: పాపకు తొమ్మిదేళ్లు. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు లేదు, “ఆడ శిశువు” అనే ఉంది.
– కడప జిల్లా తల్లి

జవాబు: పుట్టుక నమోదై ఉంది కనుక భయం లేదు. ఏడాదిలోగా పేరు ఉచితంగా, ఆ తర్వాత 15 ఏళ్లు నిండేదాకా ఆలస్య రుసుముతో ఎక్కించుకోవచ్చు. పుట్టిన ఊరి మున్సిపాలిటీలోనే, ఇప్పుడుంటున్న ఊళ్లో కాదు. ఇంటిపేరు ముందా వెనకా, ఇంగ్లీషు అక్షరాలు ఏవి, బడి రికార్డుతో సరిచూసుకొని రాసివ్వండి. ఒకసారి ఎక్కిన పేరు మార్చడం చాలా తిప్పట.

ప్రశ్న: వీధికుక్కలను ఊరి బయట వదిలేయమంటే మున్సిపాలిటీవాళ్లు వినడం లేదు.
– అనంతపురం జిల్లా పాఠకుడు

జవాబు: వాళ్లు వినకపోవడమే సరి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పట్టుకున్న కుక్కకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, సాధారణంగా పట్టిన చోటే వదలాలి. ఖాళీ అయిన వీధిలోకి టీకా లేని కొత్త కుక్కలు చేరతాయి. మాంసం కొట్టు వ్యర్థాలు వీధి మొదట్లో పడుతున్నాయేమో చూసి, వార్డు శానిటేషన్ సెక్రటరీకి రాసివ్వండి. కుక్క కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాసుపత్రికి పోవాలి. చేతి చర్మంలోకి వేసే టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు.