మగ్గం మీద మిగిలిన బట్ట

ప్రశ్న: మాది విశాఖపట్నం, మద్దిలపాలెం. అమ్మ 28 ఏళ్లు నర్సుగా చేసి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంది. శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఒక వృద్ధ దంపతుల దగ్గర రాట్నం, నేత నేర్చుకుని, ఇంట్లో మగ్గం పెట్టి చివరిదాకా నేసింది. వచ్చే నెల సంవత్సరీకానికి ఆమె మీద చిన్న పుస్తకం వేస్తున్నాం. నర్సు ఉద్యోగం గురించి రాస్తే చాలు, నేత సంగతి పరువు తక్కువ అంటాడు అన్నయ్య. మగ్గం మీద సగం నేసిన బట్ట ఉంది, కోసి అమ్మేయమంటాడు. అమ్మ పొందూరులో ఉన్నప్పుడే నా మొదటి పురుడు. అమ్మ రాలేదు. పొత్తిగుడ్డలు పంపితే విప్పకుండా బీరువాలో పడేశాను. రెండేళ్లు మాట్లాడలేదు. తర్వాత మాటలు కలిసినా ఆ సంగతి ఇద్దరం ఎత్తలేదు. పుస్తకంలో దేనికి ముందు చోటివ్వాలి?

జవాబు: ముందు నర్సు, తర్వాత నేత. ఆవిడ బతికిన వరస అదే కదా! ఇది అడగడానికి మీరు ఇంత ఉత్తరం రాయలేదు.

అన్నయ్యను ముద్దాయిగా నిలబెట్టారు. ఆయనకు నేత నామోషీ అయితే ఆ నామోషీ ఆయన్నే మోయనివ్వండి. నేను ఆగింది పురుటి దగ్గర.

తొలి కాన్పుకి తల్లి పక్కన లేకపోతే అత్తవారి ముందు ఆడపిల్ల ఎంత చిన్నబోతుందో నాకు తెలుసు. అందులోనూ తల్లి నర్సు. ఊరందరి బిడ్డలనూ ఎత్తుకున్న మనిషి సొంత కూతురి బిడ్డను ఎత్తుకోవడానికి రాలేదు. రావలసింది. ఈ ఒక్క విషయంలో నేను ఆవిడను వెనకేసుకు రాను.

అయితే ఆ 28 ఏళ్ల రాత్రి డ్యూటీల జీతం ఎవరి చదువులకు పోయిందో కూడా ఒకసారి లెక్కవేయండి. యాభై దాటిన ఆడది నాకోసం ఒక పని నేర్చుకుంటానంటే ఇంటిల్లిపాదికీ అది మొండితనం. అదే మీ నాన్నగారు చేసి ఉంటే మంచి వ్యాపకం అని మెచ్చుకునేవారు. ఇలాంటి చోట నాకు కోపం ఆగదు.

పైగా ఆవిడ ఎంచుకున్నది తేలిక పని కాదు. కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వాలి, గింజ తీయాలి, దూదిని ఏకాలి, ఏకులు చుట్టాలి, చక్రానికి 24 ఆకులున్న రాట్నం మీద వడకాలి. అప్పుడు వస్తుంది 100 నంబరు సన్న నూలు. కంటికి ఆనని పోగు. తెగితే వేలికొసతో వెతికి అతకాలి. పసిపిల్లల చేతిమీద నరం వెతికి సూది గుచ్చిన వేళ్లు కాబట్టి ఆ వయసులో పట్టుబడింది. పుస్తకంలో ఈ ముక్క రాయండి, పదవుల జాబితా కన్నా నయం.

మగ్గం తీసేయాలంటే తీసేయండి, హాలు మీకూ కావాలి. బట్టను మాత్రం కోయించకండి. సంవత్సరీకం లోపు పొందూరు వెళ్లండి. హౌరా లైనులో స్టేషన్ ఉంది, పొద్దున బయలుదేరితే సాయంత్రానికి ఇల్లు చేరతారు. ఆ దంపతులకు ఓపిక ఉంటే వాళ్లను, లేకపోతే వాళ్లు చెప్పిన మనిషిని తీసుకొచ్చి, మగ్గానికెక్కించిన పడుగు (నిలువు పోగులు) అయిపోయేదాకా నేయించి దింపించండి. కూలి అడిగినంత ఇవ్వండి. సంవత్సరీకం భోజనానికి వాళ్లను మీరే స్వయంగా పిలవండి, అన్నయ్య అనుమతి అక్కర్లేదు.

వెళ్లేటప్పుడు బీరువాలోని పొత్తిగుడ్డలు వెంట తీసుకెళ్లండి. వాళ్ల ముందే విప్పండి. ఆ నూలు ఎవరు వడికారో, ఆ నెలల్లో మీ అమ్మ మగ్గం మీద ఏముండేదో అడగండి.