పులిని చంపక్కర్లేదు, కదలనివ్వకపోతే చాలు

చిరంజీవి చిన్నాకి, విజయవాడ నుంచి మావయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫోటోలు రెండుసార్లు చూశాను. గుంటూరు బ్రాడీపేటలో మీ ఫ్రెండ్ వాళ్ల డైనింగ్ టేబుల్ మీద, బొమ్మ సైనికులతో డైస్ వేసి ఆడే మీ యుద్ధం ఆటకి వీధి బాగా కట్టారు. అట్టపెట్టెల ఇళ్లకి కిటికీలు కోసిన తీరు నాకు చాలా నచ్చింది. కానీ కింద నువ్వు రాసిన మాట నచ్చలేదు. "మూడో టర్న్‌కే పదిమందిలో ఏడుగురు పోయారు, ఇదంతా డైస్ లక్కే మావయ్యా" అన్నావు. లక్ కాదురా. ఏడుగురూ నడివీధిలో ఉన్నారు, ఎల్‌ఎమ్‌జి (తేలికపాటి మెషిన్‌గన్) పట్టుకున్నవాడు కూడా వాళ్లతోపాటే పరిగెత్తుతున్నాడు. మరి ఎదుటి మేడ మీదున్న శత్రువు తల వంచేదెవరు?

చిన్నప్పుడు మీ అమ్మా నేనూ గుడి మండపం బండ మీద పులి-మేక ఆడేవాళ్లం. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకని తినేస్తుంది, మేక పులిని ఏమీ చెయ్యలేదు. అయినా మీ అమ్మ మేకలు తీసుకుని నన్ను ఓడించేది. ఒక్కో గడీ మూసుకుంటూ వచ్చి, చివరికి పులికి అడుగు తీసి అడుగు వెయ్యడానికి చోటు లేకుండా చేసేది. ఇప్పుడు నువ్వు ఆడుతున్న ఆటకి కూడా కీలకం అదే. నువ్వు ఎదుటివాడిని చంపడానికి డైస్ వేస్తున్నావు. కదలకుండా ఆపడానికి వెయ్యాలి.

మీ రూల్స్‌లో తూటా తగిలినా తగలకపోయినా, దగ్గరగా పడితే ఆ బొమ్మ పక్కన ఒక మార్కర్ పెడతారు కదా. దాన్ని మీరు చిన్న విషయంగా తీసుకుంటున్నారు. ఆటంతా ఆ మార్కర్‌లోనే ఉంది. మార్కర్ ఉన్నవాడు సరిగా గురిపెట్టలేడు, కదలాలంటే ముందు ధైర్యం డైస్ నెగ్గాలి. నిజం యుద్ధంలోనూ ఎక్కువ తూటాలు ఎవరికీ తగలవు, తల ఎత్తనివ్వకుండా చేస్తాయి. లెక్క కూడా చూడు. 5 లేదా 6 పడితే తగిలినట్టు అనుకుందాం. ఒక్కడు కాలిస్తే మూడుసార్లకి ఒకసారి ఫలితం ఉంటుంది. అదే ముగ్గురు ఒకే కిటికీ మీద కాలిస్తే, ఒక్కటైనా తగిలే అవకాశం 27లో 19, అంటే దాదాపు పదికి ఏడుసార్లు. నువ్వు ముగ్గురినీ మూడు కిటికీల మీదికి పంచావు. అందుకే ఏ కిటికీ మూగబోలేదు.

నేను ఆర్మీలో సిగ్నల్స్‌లో, అంటే వైర్‌లెస్, ఫోన్ సందేశాలు చూసే విభాగంలో పనిచేశాను, ఎదురుకాల్పుల్లో ఎప్పుడూ లేను. కానీ ట్రైనింగ్‌లో సెక్షన్ డ్రిల్ అందరికీ నేర్పేవారు. సెక్షన్ అంటే పదిమంది ఉండే చిన్న దళం. పదిమందిలో ఎల్‌ఎమ్‌జి దగ్గర ఇద్దరు ముగ్గురు ఉండిపోతారు, మిగతావాళ్లు రైఫిల్ గ్రూప్. ఒక గ్రూప్ నేల మీద పడుకుని కాలుస్తుంటేనే రెండో గ్రూప్ లేవాలి. కాల్పులు ఆగితే లేచినవాడు అక్కడే కూలబడాలి. మోచేతులు గీరుకుపోయేదాకా చేయించేవారు. టేబుల్ మీద కూడా అంతే. ఎల్‌ఎమ్‌జి బొమ్మని ముందుగా ఒక గోడ వెనక పెట్టు, దాన్ని ఇక కదపకు. వీధి వెడల్పు పన్నెండంగుళాలు, నీ నడక ఆరంగుళాలు. అంటే ఒక టర్న్ పూర్తిగా బయట ఉంటావు. ఆ ఒక్క టర్న్ కోసం ముందు రెండు టర్న్‌లు కాల్పులకి ఖర్చుపెట్టు. ఏమీ జరగనట్టు, టైమ్ వేస్ట్ అయినట్టు అనిపిస్తుంది. ఓపిక పట్టు.

కార్గిల్ ఆడతానన్నావు. సంతోషం. టైగర్ హిల్ నుంచి మొదలుపెడతానంటే మాత్రం వద్దంటాను, ముందు తోలోలింగ్ గురించి చదువు. ద్రాస్ పక్కనే ఉన్న ఆ కొండ మీద నుంచి చూస్తే శ్రీనగర్-లేహ్ రోడ్డు కింద పరిచినట్టు కనబడుతుంది. 1999 మే నెలలో మనవాళ్లు ఎక్కడం మొదలుపెడితే జూన్ 13కి గానీ చేతికి రాలేదు. పైన రాళ్లు పేర్చి కట్టిన సంగర్లలో మెషిన్‌గన్లు, కింద దాక్కోవడానికి బండరాళ్లు తప్ప ఏమీ లేని వాలు, పరిగెడదామంటే ఊపిరందని ఎత్తు. ఫిరంగులు పైవాళ్లని అణిచిపెట్టి ఉంచితేనే రెండో రాజపుతానా రైఫిల్స్ కుర్రాళ్లు రాత్రిపూట పైకి చేరగలిగారు. అంత పెద్ద యుద్ధాన్ని టేబుల్ మీదికి తేలేవు, తేవాల్సిన పని కూడా లేదు. ఒక సంగర్, అందులో నలుగురు, కింద ఒక సెక్షన్ పెట్టు. వాలు మీద నడక సగం చెయ్యి. పరుగు అసలు తీసెయ్యి. రాత్రి కాబట్టి తొమ్మిదంగుళాల అవతల ఏదీ కనబడదని రాసుకో, కానీ కాల్చినవాడి మెరుపు మాత్రం ఎంత దూరానికైనా కనబడాలి. ఈ నాలుగు మార్పులతో వాళ్లకి అన్ని రోజులు ఎందుకు పట్టిందో నీ చేతికే అర్థమవుతుంది.

ఒక్క మాట మాత్రం నా కోసం పాటించు. బొమ్మలకి అసలు మనుషుల పేర్లు పెట్టకు. ఆ రెజిమెంట్‌లో మన హైదరాబాద్ నుంచి వెళ్లిన మేజర్ పద్మపాణి ఆచార్య ఉన్నారు. ద్రాస్ దగ్గరే జూన్ 28న ప్రాణం పెట్టారు, మహావీర చక్ర ఇచ్చారు. అలాంటివారి పేరు బొమ్మకి పెట్టి దాని మీద డైస్ వెయ్యడం నాకు మనసొప్పదు. "సెక్షన్ కమాండర్" అని పిలుచుకోండి, చాలు.

ఇక రంగుల సంగతి. 28 మిల్లీమీటర్ల బొమ్మ అంటే నీ బొటనవేలి పై కణుపంత. దానికి నేరుగా ఆకుపచ్చ పులిమేశావు, అందుకే ముఖం, చెయ్యి, తుపాకీ అన్నీ ఒకటే ముద్దలా ఉన్నాయి. కొండపల్లిలో బొమ్మలు చేసేవాళ్లని నీకు చూపించాను, గుర్తుందా? పొణికి కర్రతో చెక్కిన ముక్కలని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూత వేసి, అది ఆరాకే రంగు ముట్టుకుంటారు. ప్రైమర్ అంటే ఆ సున్నమే. బూడిదరంగు ప్రైమర్ పల్చగా కొట్టి ఒక పూట వదిలెయ్యి. తర్వాత పల్చటి రంగు రెండు పూతలు. ఆ పైన నీళ్లలా చేసిన ముదురు గోధుమరంగు ఒక్కసారి తడిపితే బట్టల మడతల్లోకి దిగి, ముఖం మీద కళ్లు, ముక్కు వాటంతటవే తేలతాయి. మన ఎండలకి రంగు బ్రష్ మీదే ఎండిపోతుంది కాబట్టి టిఫిన్ బాక్స్ మూతలో తడిగుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి రంగు కలుపుకో. సాయంత్రం దాకా తడిగానే ఉంటుంది. వార్నిష్ స్ప్రే మాత్రం వాన ముసురులో కొట్టకు. ఒకసారి డాబా మీద అలా కొట్టి పదకొండు బొమ్మల మీద తెల్లపొర తెచ్చుకున్నాను, అది ఇప్పటికీ పోలేదు.

ఎవడు ఎవడికి కనబడతాడనే గొడవ ఆట మొదలయ్యాక పడకండి. బొమ్మ తల దగ్గర కన్ను పెట్టి చూడండి, తేలకపోతే రెండు బొమ్మల మధ్య తిన్నగా దారం పట్టండి.

వచ్చే ఆదివారం పొద్దున్న ప్యాసింజర్‌కి వచ్చెయ్. ఎల్‌ఎమ్‌జి బొమ్మని దూదిలో చుట్టి తీసుకురా, కిందటిసారి దాని బైపాడ్ (తుపాకీ నిలబెట్టే రెండు కాళ్లు) విరిగింది. థర్మోకోల్ కొండ కోసి పెట్టాను, కృష్ణ ఇసుక టీ వడపోతతో జల్లించి ఫెవికాల్ మీద చల్లాను, ఆరుతోంది. ఈసారి సంగర్‌లో నువ్వు కూర్చో. నేను కింద నుంచి ఎక్కుతాను.

మీ మావయ్య