అమ్మమ్మ పెట్టిన చాదు బొట్టు గుర్తొస్తే ఏడుపొస్తోంది

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఆరేళ్ళ పాప. పొద్దున్న కాటుక, లిప్‌స్టిక్ క్యాబ్‌లోనే కానిస్తాను. రాత్రి అందరూ పడుకున్నాక పాతకాలం అలంకరణల వీడియోలు చూస్తూ కూర్చుంటాను. మొహానికి రాసుకునే స్నో క్రీము పాత సీసాలు, కుంకుమ భరిణెలు ఆన్‌లైన్‌లో కొంటున్నాను. చిన్నప్పుడు అమ్మమ్మ ముందు కూర్చోబెట్టుకుని జడేసి చాదు పెట్టేది. అది తలుచుకుంటే ఏడుపు ఆగదు. అమ్మమ్మ లేదు, అమ్మ ఏలూరులో ఉంటుంది. మావారేమో ‘చిన్నపిల్లవా?’ అంటారు. ఇది జబ్బా?

జవాబు: జబ్బు కాదమ్మా. 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్య విద్యార్థి ఊరి మీద బెంగను జబ్బుల్లోనే చేర్చాడు గానీ, ఇప్పుడు ఏ డాక్టరూ అలా అనరు.

సగ్గుబియ్యం మూకుట్లో నల్లగా మాడేదాకా వేయించి, నీళ్ళు పోసి, చిక్కగా మరిగించి, కొబ్బరిచిప్పలో ఆరబెడితే చాదు. పెట్టేటప్పుడు తడివేలితో రుద్ది తియ్యాలి. అంతా నిదానంగా సాగే పని. బొంబాయి వాళ్ళ ఆఫ్ఘన్ స్నో 1919లోనే వచ్చింది, లాక్మే 1952లో. కొట్లో సరుకు దొరుకుతున్నా, మీ అమ్మమ్మ మీ కోసం కూర్చున్నారు. మీకు బెంగంతా ఆ కూర్చోవడం మీదే. ఇప్పుడు ఇంట్లో అందర్నీ తయారుచేసేది మీరు, మీ తల మీద చెయ్యి వేసేవాళ్ళే లేరు. ఎన్ని భరిణెలు కొన్నా ఆ లోటు తీరదు, కొనడం కొన్నాళ్ళు ఆపండి.

వీలు చూసుకుని పాపతో ఏలూరు వెళ్ళండి. తలకి నూనె పెట్టమని అమ్మని అడగండి. ఈ వయసులో ఏమిటని మొహమాటపడొద్దు. తల్లి లేని బెంగ ఆవిడకీ ఉంటుంది, అమ్మమ్మ సంగతులు ఇద్దరూ చెప్పుకోండి. ఆవిడకి చేయడం వస్తే చాదు కూడా చేయించుకోండి. పాపకి నుదుటన పెట్టండి గానీ, దీపం మసి కాటుక మాత్రం కంట్లో పెట్టకండి. పిల్లల డాక్టర్లు వద్దంటారు.

మీవారితో తగువు వద్దు. ఆయనకి కనబడేవి సీసాలే, మీ అలసట కాదు. ‘నేను బాగా అలిసిపోయాను. పొద్దున్న పాప జడ, టిఫిన్ డబ్బా మీరు చూడండి, నాకు అరగంట కావాలి’ అని సూటిగా చెప్పండి. జడ వేయడం రాదంటే నేర్చుకుంటారు. ఆ అరగంట ఫోన్ పక్కనపెట్టి అద్దం ముందు మీ కోసమే కూర్చోండి. కదిలే క్యాబ్‌లో కాటుక పెన్సిల్ కంటికి ప్రమాదం కూడా.

ఒక్క విషయం మాత్రం గమనించుకోండి. రెండు వారాలకి మించి నిద్ర, ఆకలి తగ్గినా, పాపతో ఆడుకోవాలని కూడా అనిపించకపోయినా, అది బెంగ దాటి డిప్రెషన్ కావచ్చు. అప్పుడు ఆలస్యం చేయకుండా మానసిక వైద్యుల్ని కలవండి. అంతకుముందు ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఖర్చుండదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.