మౌంట్ విట్నీకి ఒక్కరోజు పర్మిట్: శుక్రవారం రాత్రి డ్రైవ్ చేసి శనివారం ఎక్కేయొచ్చా?

మీ ప్లాన్ నాకు అర్థమైనంతవరకు ఇదీ: శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియా నుంచి నలుగురు, ఆగస్టులో ఒక శనివారం కాలిఫోర్నియాలోని మౌంట్ విట్నీ శిఖరానికి డే పర్మిట్ (ఒక్కరోజులో ఎక్కి దిగడానికి అనుమతి), అందరూ హాఫ్ మారథాన్ పరిగెత్తేవాళ్లే. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, తెల్లవారుజామున 5 గంటలకు నడక మొదలుపెట్టాలనుకుంటున్నారు.

మీ కాళ్ల సంగతికి ఢోకా లేదు. ప్లాన్ దెబ్బతినేది రెండు చోట్ల: ముందు రాత్రుల నిద్ర ఎక్కడ, నడక మొదలుపెట్టేది ఎన్నింటికి.

నడక మొదలయ్యే చోటు, విట్నీ పోర్టల్, 8,360 అడుగుల ఎత్తులో ఉంది, శిఖరం 14,505 అడుగులు. రానూపోనూ 22 మైళ్లు. పైన ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంలో అందేదాంట్లో 60 శాతమే ఉంటుంది. బాగా పరిగెత్తేవాళ్లకు ఆల్టిట్యూడ్ సిక్‌నెస్ (ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత) రాదనుకోవడం పెద్ద పొరపాటు. ఒంట్లో సత్తువ ఉంది కదా అని మొదటి 4 మైళ్లు వేగంగా లాగేస్తారు, శరీరం అలవాటుపడేలోపే 12,000 అడుగులకు చేరతారు, అక్కడ తలనొప్పి, వాంతులు మొదలవుతాయి. ఎత్తుకు అలవాటుపడటానికి కావలసింది ఎత్తులో గడిపిన సమయం. దాన్ని ఫిట్‌నెస్‌తో కొనలేం.

అందుకని గురు, శుక్రవారాలు సెలవు పెట్టండి. గురువారం రాత్రి సుమారు 10,000 అడుగుల్లో ఉన్న హార్స్‌షూ మెడోలో టెంటు వేసుకోండి. శుక్రవారం పొద్దున కాటన్‌వుడ్ లేక్స్ వైపు రెండు మూడు గంటలు, మాట్లాడుకుంటూ నడవగలిగినంత నెమ్మదిగా నడవండి. సాయంత్రం పోర్టల్‌కు దిగి, పెందలాడే పడుకోండి. కొండ కింద ఉన్న లోన్ పైన్ ఊళ్లో హోటల్ హాయిగానే ఉంటుంది గానీ ఆ ఊరు ఉన్నది 3,700 అడుగుల్లోనే, అక్కడ నిద్రపోతే అలవాటుపడేది ఏమీ లేదు. ఎత్తు వల్ల వచ్చే అస్వస్థత రాకుండా వేసుకునే ఎసిటజోలమైడ్ మందు వాడాలనుకుంటే ముందే డాక్టర్‌ను కలవండి. మామూలుగా 125 మి.గ్రా. రోజుకు రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి మొదలుపెడతారు. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. వేళ్లు తిమ్మిరెక్కడం, మాటిమాటికీ మూత్రం రావడం ఆ మందుతో ఉండేవే.

ఇక టైము. డే పర్మిట్ అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి వరకు చెల్లుతుంది, ఆ వెసులుబాటు వాడుకోండి. తెల్లవారుజామున 2 గంటలకు బయల్దేరితే దాదాపు 6 మైళ్ల దూరంలో ఉన్న ట్రైల్ క్యాంప్‌కు వెలుగు వచ్చే వేళకి చేరతారు. అక్కణ్ణుంచి 99 స్విచ్‌బ్యాక్‌లు (అటూ ఇటూ మెలికలు తిరుగుతూ ఎక్కే మలుపులు), రెండు గంటల పని. 13,600 అడుగుల్లోని ట్రైల్ క్రెస్ట్ అనే కనుమ చేరేసరికి ఎనిమిది దాటుతుంది, శిఖరానికి పదిన్నర. ఇదే లెక్కన 5కి మొదలుపెడితే పైకి చేరేది ఒకటిన్నరకు. ఆగస్టు మధ్యాహ్నాలు అక్కడ ఉరుములు మెరుపుల వేళ. శిఖరం మీద 1909లో కట్టిన రాతి గుడిసె ఉంది కదా, అందులో దూరదామనుకోకండి. 1990లో అందులో తలదాచుకున్న ఒకతను పిడుగుపడి చనిపోయాడు. ఎక్కడున్నా సరే 12 అయితే వెనక్కి తిరగాలని నలుగురూ కిందే ఒప్పుకోండి, ఎందుకంటే పైన ఆ నిర్ణయం తీసుకునే స్థితిలో ఎవరి బుర్రా ఉండదు. మబ్బులు ముదురుతుంటే 12 దాకా కూడా ఆగొద్దు.

చాలామందిని కుంగదీసే చోటు ట్రైల్ క్రెస్ట్ తర్వాత వస్తుంది. అంత కష్టపడి ఎక్కాక దారి జాన్ మ్యూయర్ ట్రైల్ అనే ఇంకో దారి కలిసే దాకా 150 అడుగులు కిందికి దిగుతుంది. శిఖరం నుంచి వచ్చేటప్పుడు, ఒంట్లో శక్తంతా అయిపోయాక, ఆ 150 అడుగులు మళ్లీ ఎక్కాలి. దానికోసం కొంచెం ఓపిక, అర లీటరు నీళ్లు దాచుకోండి.

నీళ్లు మొదట్నుంచీ 4 లీటర్లు మోయక్కర్లేదు. రెండు లీటర్లతో బయల్దేరి, ట్రైల్ క్యాంప్‌లో ఫిల్టర్ చేసుకుని 3 లీటర్లు నింపుకోండి, ఆ పైన నమ్ముకోదగ్గ నీళ్లు లేవు. చలి రాత్రుల్లో ఫిల్టర్‌ను జాకెట్ లోపల పెట్టుకోవాలి. లోపలి తడి గడ్డకడితే సన్నటి గొట్టాలు చిట్లిపోతాయి, బయటికి మాత్రం బాగానే కనిపిస్తుంది.

తిండి గంటకు 200 కేలరీల చొప్పున, ఆకలి లేకపోయినా తినాలి. సున్నుండలు బలమే గానీ, 13,000 అడుగుల్లో నోరు ఎండిపోయినప్పుడు గొంతు దిగవు. చింతపండు పులిహోర దిగుతుంది, ఆ పులుపూ ఉప్పూ వికారంలో కూడా తినిపిస్తాయి. పల్లీ చిక్కీ చిన్న ముక్కలు చేసి జేబులో వేసుకోండి. పోర్టల్‌లో మాత్రం తినేవి, టూత్‌పేస్టు సహా వాసన వచ్చేవి ఏవీ కారులో వదలొద్దు, ఎలుగుబంట్లు తలుపులు పీకేస్తాయి. అక్కడి ఇనుప లాకర్లలో పెట్టండి. పైన బ్యాగు వదిలి వెళ్తే మార్మట్లు (ఉడుత జాతి పెద్ద జంతువులు) కొరికేస్తాయి.

తలనొప్పి వస్తే ఆగండి, నీళ్లు తాగండి. తగ్గకుండా పెరుగుతుంటే దిగండి. అనుమానం ఉంటే ఆ మనిషిని ఒక పాదం మడమ ఇంకో పాదం వేళ్లకు ఆనించి, సరళరేఖలో పది అడుగులు వేయమనండి. తూలితే మెదడు వాచిందని అనుమానించాలి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతూ ఉండొచ్చు. రెండింటికీ వెంటనే దిగాల్సిందే, కాసేపు చూద్దాం అనే మాటే లేదు. ఒంటరిగా పంపొద్దు, ఒకరు తోడు వెళ్లాలి.

మిగతావి: హెడ్‌ల్యాంప్, అదనపు బ్యాటరీలు, గాలి ఆపే జాకెట్, గ్లవ్స్, ప్రింటు తీసిన పర్మిట్. మలవిసర్జనకు ఇచ్చే వ్యాగ్ బ్యాగులు మనిషికొకటి, వాడింది మీరే కిందికి మోసుకురావాలి.

లోన్ పైన్ హోటల్ శనివారం రాత్రికి బుక్ చేసుకోండి. పదిహేను గంటలు నడిచి, టియోగా పాస్ కనుమ మీదుగా ఇంటికి ఆరేడు గంటలు రాత్రిపూట డ్రైవ్ చేయడం పిడుగు కన్నా తక్కువ ప్రమాదమేమీ కాదు.